భాగించి చూడని ఎనిమిదో సంఖ్య

లెక్కల మేష్టర్లుగా కొత్తగా చేరుతున్నవాళ్లు కొందరు నా దగ్గరికి వచ్చి ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడుగుతుంటారు. నాకు ఏ సంవత్సరం జీతం పెరిగింది, ఏ ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకున్నాడు అన్నవి మీకెందుకూ పనికిరావు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి, ఈ మూడు ఊళ్లలో ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టుకున్నాను. అందులో మీకు తప్పకుండా చెప్పవలసింది ఒక్క సంఖ్య సంగతి. ఎనిమిది మెట్లలో తేలిపోయే భాగహారాన్ని నేను చెయ్యలేదు. చేసిన మనిషిని ఫెయిలు చేశాను.

ఈ తప్పు చేసినవాడు ఎలాంటివాడో కూడా తెలియాలి. మా వంశంలో అందరూ గుడిలో పూజ చేసినవాళ్లే. నేను ఇరవై ఏళ్లు నిండకముందే ఆ పని చెయ్యనన్నాను. జాతకాలు, శకునాలు, దిష్టి, ముహూర్తాలు, వీటి మీద సభలు పెట్టి మాట్లాడాను. ఒకసారి రాళ్లు కూడా పడ్డాయి. వితంతువులు చదవాలి, ఉద్యోగం చెయ్యాలి అని ఎక్కిన ప్రతి వేదిక మీదా అరిచాను. రుజువు లేకుండా దేన్నీ ఒప్పుకోని మనిషినని నా గురించి నేను అనుకునేవాణ్ణి.

అచ్చులో ఉన్న జవాబు

చిక్కబళ్లాపురంలో నా మొదటి హెడ్‌మాస్టరు పొట్టిగా, కోపంగా ఉండే మనిషి. ఒకరోజు నేను క్లాసులో ఒక భిన్నాల లెక్క ఇచ్చాను. పుస్తకం వెనక జవాబు ఒకటి ఉంటే క్లాసంతా ఇంకొకటి తెచ్చింది. అందరూ ఒకరి దాంట్లో ఒకరు చూసి రాశారని నాకు తోచింది. బెత్తం తీసి వరసగా కొట్టుకుంటూ పోయాను. మూడో బెంచీ దగ్గరికి వచ్చేసరికి హెడ్‌మాస్టరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నన్నేమీ అనకుండా లోపలికి వచ్చి, బోర్డు మీద ఆ లెక్క మొదటినుంచీ చేశారు. పిల్లల జవాబే వచ్చింది.

“నువ్వు చేసి చూసినావా?” అని అడిగారు.

పుస్తకంలో అలా ఉందని చెప్పాను. అయితే ఆ బెత్తంతో పుస్తకాన్నే కొట్టమన్నారు. పిల్లలు నవ్వారు. తర్వాత ఆ క్లాసు ముందు నాచేత క్షమాపణ చెప్పించారు.

ఈ సంగతిని నేను చాలా సభల్లో గొప్పగా చెప్పుకున్నాను, అచ్చులో ఉన్నదల్లా నిజం కాదనడానికి ఉదాహరణగా. ఆ పాఠం నాకు పుస్తకాల మీద అనుమానం నేర్పింది. నా మీద నాకు అనుమానం నేర్పలేదు. ఆ తేడా తెలియడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

మూడుల వరస

బాగేపల్లిలో ఉన్నప్పుడు ఒక ఏడు ప్లేగు వచ్చింది. ఇళ్లలో ఎలుకలు రాలగానే జనమంతా ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. బడి మూతపడింది. గుడిసెలో పగలంతా చేసేదేమీ లేక నేను సంఖ్యలతో కాలక్షేపం చేసేవాణ్ణి.

ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్య ప్రధాన సంఖ్య. మైసూరు బడుల్లో కన్నడంలో దాన్ని అవిభాజ్య సంఖ్య అంటాము. 31 అలాంటిది. ముందు ఒక మూడు చేరిస్తే 331, అదీ అలాంటిదే. ఇంకో మూడు చేరిస్తే 3331. అదీ అంతే. నాకు ఉత్సాహం పుట్టింది. 33331 కూడా దేనికీ లొంగలేదు.

సంఖ్య పెరిగేకొద్దీ తేల్చడం కష్టమవుతుంది. దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. 333331కి నూటికి పైగా భాగహారాలు. 3333331కి మూడు వందలకు కాస్త తక్కువ. ఏడో సంఖ్య 33333331. మూడు కోట్లు దాటిన ఆ సంఖ్యకు ఏడు వందలకు పైగా భాగహారాలు చెయ్యాలి. అందుకోసం ఆరు వేల దాకా అంకెలు రాసుకొని, గుణిజాలన్నీ కొట్టేసి, మిగిలిన ప్రధాన సంఖ్యల పట్టిక నేనే తయారు చేసుకున్నాను. ప్లేగు తగ్గి జనం ఇళ్లకు చేరారు, బడి తెరిచారు, నా పని మాత్రం అవలేదు. రెండు వేసవి సెలవులు, నాలుగు లావుపాటి నోటుపుస్తకాలు. చివరి భాగహారంలో కూడా శేషం మిగిలింది. ఏడోదీ ప్రధాన సంఖ్యే.

ఆ రోజు నాకు కలిగిన ఆనందం మా తాతగారికి గర్భగుడిలో కలిగేదో ఏమో. ఏడుకు ఏడూ. ఇక ఈ వరసలో వచ్చేదంతా ప్రధాన సంఖ్యలే అని నిశ్చయించుకున్నాను. ఎనిమిదోది 333333331, ముప్పై మూడు కోట్ల పై సంఖ్య. దాన్ని పరీక్షించాలంటే రెండు వేలకు పైగా భాగహారాలు చెయ్యాలి. ఎందుకు? ఏడు చూశాను కదా. ఎనిమిదోదాన్ని నేను ఒక్కదానితోనైనా భాగించి చూడలేదు. చూడకుండానే చింతామణిలో పదిమందికీ చెప్పాను.

పరీక్ష

చింతామణికి మారిన తర్వాత మా చర్చాసంఘం తరఫున ఆడపిల్లల బడి ఒకటి నడిపేవాళ్లం. సంఘం అధ్యక్షుడు ఊళ్లో పేరున్న ప్లీడరు. బడికి లెక్కలు చెప్పేవాళ్లు ఒకరు కావలసివచ్చింది. పరీక్ష పెట్టి తీసుకుందామన్నారు. కాగితం తయారు చేసేదీ దిద్దేదీ నేనే. గణితంలో నూటికి అరవై వస్తే ఉద్యోగం.

రాసినవాళ్లలో అలివేలమ్మ ఒకతె. చింతామణిలో అంగడి పెట్టుకున్న ఒక శెట్టి కూతురు. శిడ్లఘట్టలో పట్టు వ్యాపారం చేసే గుండయ్య శెట్టి కొడుక్కిచ్చి చేశారు. ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు, మూడేళ్ల కూతురుంది. పెళ్లికి ముందే లోయర్ సెకండరీ పాసయింది. ఆమె చేత పరీక్ష రాయించమని గుండయ్య శెట్టి ఇంటికి నాలుగుసార్లు తిరిగినవాణ్ణి నేనే. నాలుగోసారికి ఆయన మెత్తబడ్డాడు. ఒక్కసారి రాయనిస్తానని, పాసైతే పుట్టింట్లో ఉండి ఉద్యోగం చేసుకోవచ్చని, తప్పితే మళ్లీ ఆ మాట ఎత్తకూడదని షరతు పెట్టాడు. తప్పితే శిడ్లఘట్టలో పట్టుగూళ్లు ఉడికే తొట్ల ముందు కూర్చోవాలి, బతికినన్నాళ్లూ. అది నాకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను.

ప్రశ్నల్లో ఒకటి నా మూడుల వరస. మొదటి ఏడు సంఖ్యలూ ఇచ్చి, ఇవి అవిభాజ్యాలు, ఎనిమిదోది 333333331 ఏ రకం, కారణం చెప్పండి అని అడిగాను. పది మార్కులు.

సరిగ్గా ఆ వారమే ఇంకో పని చేశాను. చింతామణి పక్క పల్లెలో ఒక స్వామి ఆషాఢంలో అభిషేకం చేస్తే వాన పడుతుందని జనం నమ్మేవాళ్లు. ఏడేళ్లుగా పడుతోంది. ఆదివారం సభలో నేను లేచి, ఏడుసార్లు జరిగితే ఎనిమిదోసారీ జరుగుతుందని ఏ బుద్ధి చెప్పింది అని గర్జించాను. చప్పట్లు మోగాయి. మంగళవారం నాడు కూర్చొని కాగితాలు దిద్దాను.

మునియప్ప అనే యువకుడు ఆ ప్రశ్నకు, ‘పై వరసను బట్టి అవిభాజ్యం’ అని ఒక్క ముక్క రాశాడు. పదికి పది వేశాను. అలివేలమ్మ, ‘విభాజ్యం. 17 × 19607843’ అని రాసింది. నేను ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాను. పక్కన ‘ఊహ’ అని రాశాను. హెచ్చవేసి చూడలేదు. ఆ రెండో సంఖ్య చూస్తే ఏదో నోటికొచ్చిన అంకెలు పేర్చి నన్ను భయపెట్టాలని చూసినట్టనిపించింది. ఎనిమిది అంకెల ఒక సంఖ్యను ఒక ఆడమనిషి గాలిలోంచి తీసి రాసిందని నమ్మడం నాకు సులువైంది, భాగించి రాసిందని నమ్మడం కష్టమైంది. దీన్ని దాచి రాయలేను.

మునియప్పకు అరవై రెండు. అలివేలమ్మకు యాభై నాలుగు.

పదిహేడో ఎక్కం

పాసైనవాళ్ల పేర్లు గోడకు అంటించిన మూడో రోజు ఉదయం గుండయ్య శెట్టి కోడలిని తీసుకొని బడికి వచ్చాడు. బయట ఎడ్లబండిలో ఆమె ట్రంకు పెట్టె ఉంది. పాప దాని మీద కూర్చొని ఉంది.

“పిల్ల తప్పినాది, సరే మేష్ట్రే,” అన్నాడు. “పిలుచుకొని పోతాండాను. యాడ తప్పినాదో ఒకసారి చూపిచ్చినారంటే దానికీ మనసు నిమ్మళమవుతాది.”

మా దగ్గర దాపరికం లేదు కదా. గర్వంగా బీరువా తెరిచి కాగితం తీసి పరిచాను. ఎర్రగీత మీద వేలు పెట్టి, గొప్పకు పోకుండా ఉంటే బాగుండేదమ్మా అన్నాను.

“గొప్పకు రాయలేదప్పా. భాగిచ్చి రాసినాను,” అంది అలివేలమ్మ. తల వంచుకొనే ఉంది.

“రెండు సెలవులు కూర్చొన్నానమ్మా నేను, ఈ లెక్క మీద.”

“దీని మీదనా అప్పా, దీని ముందర దాని మీదనా?”

ఆమె సుద్దముక్క అడగలేదు. నన్నే భాగించి చూడమంది.

బోర్డు మీద ఆ సంఖ్య రాశాను. ఆమెకు మర్యాదగా బుద్ధి చెబుతున్నాననుకుంటూ మొదలుపెట్టాను. మా బడుల్లో ఎక్కాలు పదహారుతో ఆగిపోయేవి. అంగడి ఇళ్లలో ఇరవై దాకా వల్లె వేయిస్తారు, తిరగేసి కూడా చెప్పిస్తారు. నాకు పదిహేడో ఎక్కం కూడుకుంటే తప్ప రాదు. శెట్టి బెంచీ మీద కూర్చొని నాకంటే ముందు చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై మూడులో పదిహేడు ఒకసారి పోతే మిగిలేది పదహారు. నూట అరవై మూడులో తొమ్మిది పోతే పది. నూట మూడులో ఆరు పోతే ఒకటి. పదమూడులో పోదు, సున్న. నూట ముప్పై మూడులో ఏడు, మిగిలేది పద్నాలుగు. నూట నలభై మూడులో ఎనిమిది, మిగిలేది ఏడు. డెబ్బై మూడులో నాలుగు, మిగిలేది అయిదు.

చివరి ఒకటి కిందికి దించాను. యాభై ఒకటి అయింది.

శెట్టి కూడా ఆగిపోయాడు. పదిహేడు మూళ్లు యాభై ఒకటి అని అంగడి ఇళ్ల చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా చెయ్యి మూడు రాసింది, కింద సున్న రాసింది. పైన చూస్తే 19607843. కాగితం మీద ఎర్రగీత కింద ఉన్న అంకెలే, ఒక్కటీ తేడా లేదు.

ప్రధాన సంఖ్యల్లో పదిహేడు ఏడోది. రెండు, మూడు, అయిదు చూడగానే కొట్టెయ్యొచ్చు. ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. అంటే కాగితం మీద నాలుగు భాగహారాలు. ఏడో సంఖ్యకు ఏడు వందలు చేసినవాణ్ణి, ఎనిమిదో సంఖ్యకు నాలుగు చెయ్యలేకపోయాను. స్వామి భక్తులైనా ప్రతి ఆషాఢంలో తలెత్తి ఆకాశం వైపు చూసేవాళ్లు. నేను అదీ చూడలేదు.

“అయితే పిల్ల తప్పలేదు,” అన్నాడు శెట్టి.

నేను చెయ్యవలసింది అప్పుడే, ఆ బోర్డు ముందే చెయ్యాలి. కమిటీతో మాట్లాడి కబురు పంపుతానన్నాను. శెట్టి లేచి కోడలిని బండెక్కించాడు. బండి కదిలింది.

నాలుగు రోజులు

ప్లీడరుగారు అంతా విని, బోర్డు తుడిచేశానా అని అడిగారు. తుడిచానన్నాను. తర్వాత నెమ్మదిగా చెప్పారు. మునియప్ప చేరిపోయాడు. ఇప్పుడు బయటపడితే నా పేరొక్కటే కాదు, సంఘం పేరు పోతుంది. స్వామి మనుషులు ఊరేగింపు చేస్తారు. వచ్చే ఏడు ఇంకో ఖాళీ వస్తే ఆమెకిద్దాం. అందాకా మాట్లాడకపోవడమే ఉద్యమానికి మంచిది.

ఉద్యమానికి మంచిదన్న మాట నాకు చాలా హాయిగా తోచింది. నాలుగు రోజులు ఆ హాయిలో ఉన్నాను. ఈ నాలుగు రోజుల సంగతి నేను రాయకుండా వదిలేస్తే మిగతాదంతా రాసి లాభం లేదు. ఎవరి రహస్యాలు బయటపెట్టాలని నేను వేదికలెక్కానో, వాళ్లు చేసే పనే నేను నాలుగు రోజులు చేశాను. తప్పు తెలిసింది, సాక్ష్యం తుడిచాను, ధర్మం పేరు చెప్పుకున్నాను.

అయిదో రోజు శిడ్లఘట్ట బస్సెక్కాను. శెట్టి ఇంటి వెనక రేకుల కింద తొట్లు సలసల కాగుతున్నాయి. అలివేలమ్మ ఒక తొట్టి ముందు కూర్చొని దారపు కొసలు అందుకుంటోంది. నన్ను చూసి లేచి, చేతులు కొంగులో దాచుకుంది. దాచుకొనేలోపల వేళ్లు కనిపించాయి. ఉబ్బి, తెల్లగా నాని ఉన్నాయి.

తప్పు నాదేనని, రాసిస్తానని శెట్టితో చెప్పాను.

“మా ఇంట్లో చెప్తే ఏమొస్తాది మేష్ట్రే. మాకు ఆ పొద్దే తెలిసె. నా కోడలికి రాదని గోడకు అంటిచ్చినారే, ఆ నలుగురికీ చెప్పండి. ఆమీద మా గడప తొక్కండి.”

తర్వాతి ఆదివారం సభలో, స్వామిని ఎగతాళి చేసిన వేదిక మీదే బోర్డు పెట్టించి, ఆ భాగహారం మొదటినుంచీ చేశాను. నేను ఏం నమ్మానో, ఎవరికి ఎన్ని మార్కులు వేశానో, నాలుగు రోజులు ఎందుకు నోరు మూసుకున్నానో చెప్పాను. ప్లీడరుగారు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. వెనక వరసలోంచి స్వామి భక్తుడొకడు లేచాడు.

“మా సామికి ఏడేండ్లు, మీ సామికి ఏడు లెక్కలు. అంతే కదా మేష్ట్రే?”

సభ అంతా పగలబడి నవ్వింది. అంతేనప్పా అన్నాను. నా జీవితంలో ఒక ప్రతివాదికి ఎదురు చెప్పకుండా కూర్చున్నది ఆ ఒక్కసారే.

కోలారు నుంచి ఇంకొక మేష్టరును పిలిపించి కాగితాలన్నీ మళ్లీ దిద్దించారు. అలివేలమ్మకు అరవై నాలుగు వచ్చాయి, మునియప్పకు యాభై రెండు. అతను నా దగ్గరికి వచ్చి, మీరు బజారులో పదిమందికి చెప్పిందే కదా నేను రాశానన్నాడు. నిజమే. అతని ఉద్యోగం కూడా నేనే తీశాను.

బీరువాలో మిగిలినవి

అలివేలమ్మ చేరిన రోజు హాజరు పుస్తకంలో సంతకం పెట్టింది. వేళ్లు ఇంకా పూర్తిగా మానలేదు. పాప గుమ్మం దగ్గర పలక పట్టుకొని నిలబడింది. నేను చేతులు జోడించి, నన్ను క్షమించమ్మా అన్నాను. ఆమె కలం పక్కన పెట్టింది. తర్వాత అడిగింది:

“నా కాగితం చూపియ్యమని మామ బండి కట్టుకొని వచ్చె గనక తెలిసె. అడిగేదానికి ఎవరూ రానోళ్ల కాగితాలు ఏమైనాయప్పా?”

ఆ మాట నాకు బోర్డు మీద సున్న చూసినప్పటికంటే ఎక్కువగా తగిలింది. అప్పటికి నేను ఇరవై ఏళ్లుగా దిద్దుతున్నాను. ప్రతి ఏడూ వందల కాగితాలు. చేసి చూసి కొట్టినవి ఎన్ని, చూడగానే కొట్టినవి ఎన్ని?

ఆ మధ్యాహ్నమే బీరువా, అటక, పాత పెట్టెలు అన్నీ దింపించాను. చిక్కబళ్లాపురం కాగితాలు లేవు. బాగేపల్లివి ప్లేగు వచ్చిన ఏడాది చెదలు తిన్నాయి. చింతామణివి రెండేళ్లవి మాత్రమే ఉన్నాయి. మిగతావన్నీ ఏ ఏడుకు ఆ ఏడు అంగళ్లకు పొట్లాలు కట్టుకోవడానికి పోయాయి. ఉన్న రెండేళ్లవీ ప్రతి లెక్కా మొదటినుంచి చేస్తూ చూశాను. మూడు చోట్ల నా ఎర్రగీత కింద సరైన జవాబు ఉంది. అందులో ఇద్దరు పాసైపోయారు గనక ఆ మార్కుల అవసరం వాళ్లకు లేకపోయింది. మూడోవాడి పేరు గంగులప్ప. హొసూరు పిల్లవాడు, చింతామణిలో మేనమామ ఇంట్లో ఉండి చదివేవాడు. రెండు మార్కులతో తప్పి బడి మానేశాడు. ఆ మార్కులు పట్టుకొని హొసూరు వెళ్లాను. పొలంలో మడక దున్నుతున్నాడు. సంగతి చెబితే నవ్వి, ఇప్పుడెందుకప్పా అన్నాడు. ఎద్దులను ఆపకుండానే అన్నాడు.

పొట్లాలు కట్టినవాటిలో ఎన్ని సరైన లెక్కలు పోయాయో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఏదీ లేదు.